లకుముకి పిట్టా, దొరబాబు మీసమూ

ఆ రోజు దొరబాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే లేవాలి, కాఫీ తాగాలి, బస్సెక్కి గెడ్డపాలెం వెళ్లాలి, ఒక పిట్టను ఫొటో తీయాలి, భోజనాల వేళకు ఇంటికొచ్చేయాలి. ఇందులో ఎవరికీ ఏ అపకారమూ లేదు. కాకపోతే ఆ పిట్ట దొరక్కపోతే దొరబాబు మీసం పోతుంది.

దొరబాబు రామచంద్రపురం దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు మాస్టారు. కిందటి వేసవిలో విశాఖపట్నం వెళ్లినప్పుడు, గెడ్డపాలెం దగ్గర ఒంటినిండా నలుపూ తెలుపూ మచ్చలున్న లకుముకి పిట్టను కళ్లారా చూశాడు. చూసినవాడు ఊరుకోక ఆ సంగతి స్టాఫ్ రూములో చెప్పాడు. "లకుముకి పిట్టంటే నీలంగా ఉంటుందండీ. మీరు చూసింది కాకికీ కొంగకీ పుట్టిందేమో!" అన్నాడు లెక్కల మాస్టారు సన్యాసిరాజు. అందరూ నవ్వారు. హెడ్మాస్టరు కూడా నవ్వాడు. దొరబాబుకు ఒళ్లు మండిపోయింది. "వచ్చే వేసవి సెలవుల్లో ఫొటో తీసి తెస్తానండీ! తేలేకపోతే ఈ మీసం తీయించేస్తాను!" అని బల్ల గుద్ది చెప్పాడు.

ఆ మీసం అలాంటిలాంటిది కాదు. పద్దెనిమిదో ఏట మొదలుపెట్టి ఇరవై ఏళ్లు పెంచాడు. పెళ్లిచూపుల్లో తాయారు తలెత్తి చూసింది దాన్నే. దాని వెనక మొగుడి పైపెదవి ఎలా ఉంటుందో ఆవిడకు ఈనాటికీ తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు.

హెడ్మాస్టరు జాలిపడి తన పెట్టె కెమెరా ఇచ్చాడు. అందులో పన్నెండు ఫొటోల రీలు వేయించుకుని, దొరబాబు పెళ్లాంతో సహా విశాఖపట్నంలో అక్క మంగాయమ్మ ఇంట్లో దిగాడు. బావ గవర్రాజు పోర్టులో క్రేను ఆపరేటరు. కెమెరా చూడగానే ఇంటిల్లిపాదికీ ముస్తాబులు గుర్తొచ్చాయి. గవర్రాజు స్కూటరు మీద రెండు, మంగాయమ్మ కొత్త కుక్కరు పక్కన రెండు, పిల్లలు నాలుగు. "నాకొక్కటీ తియ్యరా?" అని తాయారు మూతి ముడుచుకుంటే, నీలం చీరలో ఆవిణ్ణి బీచి ఒడ్డున నిలబెట్టి ఒకటి. తీరా చూసుకుంటే రీల్లో మూడే మిగిలాయి. మర్నాడు పొద్దున గెడ్డపాలెం, ఆ మర్నాటి సాయంత్రమే తిరుగు రైలు.

"మూడు చాలవేంట్రా, ఒక్క పిట్టేగా!" అన్నాడు గవర్రాజు.

గెడ్డపాలెం సముద్రానికి అరమైలు ఇవతల, అక్కడివాళ్లు గెడ్డ అనే వాగు ఒడ్డున ఉన్న చేపలవాళ్ల ఊరు. అవి ఉక్కు ఫ్యాక్టరీకి ఆ చుట్టుపక్కల భూములు తీసుకుంటున్న రోజులు. సర్వేవాళ్లు వచ్చి ప్రతి ఇంటి తలుపు మీదా ఎర్రరంగుతో నంబరు వేసి పోయారు. నంబరున్న ఇంటికి వేరేచోట స్థలం, దానికి హక్కు కార్డు. లేని ఇంటికి ఏమీ లేదు. ఊరంతా ఆ నంబర్ల మీదే ప్రాణాలు పెట్టుకుని ఉంది. ఇవేవీ దొరబాబుకు తెలియవు. తెలిస్తే ఆ పూట వేరే గెడ్డకు పోయేవాడు.

పెట్టె కెమెరాతో దూరపు వస్తువు తీస్తే ఆవగింజంత పడుతుంది. అందుకని దగ్గరికి పోవాలి. పిట్టకు తెలియకూడదు కూడా. దొరబాబు చెప్పులు విప్పి, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, తలమీద తుంగ గడ్డి కప్పుకుని బురదలో బోర్లా పడుకున్నాడు. ఎదురుగా పడవ కట్టే గుంజ, దాని వెనక ఒక తాటాకు పాక. కాసేపటికి పిట్ట రానే వచ్చింది! అదే నలుపు, అదే తెలుపు, తలమీద అదే కుచ్చు. నీళ్లమీద గాలిలో ఒక్కచోటే నిలబడి రెక్కలు టపటపా కొడుతోంది. మీట నొక్కాడు. సరిగ్గా అప్పుడే అది నీళ్లలోకి దూకేసింది. నీళ్లమీద ముడతలు తప్ప ఫొటోలో ఏమీ పడి ఉండదని ఆయనకు వెంటనే తెలిసిపోయింది.

ఇంక రెండు. రీలు తిప్పుకున్నాడు. పిట్ట మళ్లీ గాలిలో నిలబడింది. ఊపిరి బిగబట్టాడు. ఇంతలో వెనకనుంచి ఎవరో భుజం పట్టుకుని గిరుక్కున తిప్పారు. కెమెరా టక్కుమంది.

"ఏటి సేత్తన్నావ్ ఇక్కడ? మా ఇంటికేసి దొంగసూపులు సూత్తన్నావేటి?"

పాతికేళ్ల కుర్రాడు. పేరు అర్జునరావు. ఆ ఫొటోలో అతని ముక్కు పడింది. వెనక్కాలే ఊరి పెద్ద ఎల్లాజీ, మరో పదిమంది వచ్చేశారు. బురదలోంచి లేచిన దొరబాబు తలమీద గడ్డి అలాగే ఉంది.

"నేను పిట్ట కోసం వచ్చానండీ," అన్నాడు.

"పేంటేసుకున్నోడు, పెట్టెట్టుకున్నోడు పిట్ట కోసం వత్తాడేటి?" అన్నాడు అర్జునరావు. "మామా, ఈడు సర్వే ఆఫీసోడే! మా ఇంటిని వలల పాకని రాసీసింది ఈడే! ఆ పెట్టి గెడ్డలోకి ఇసిరీయాల."

హెడ్మాస్టరు కెమెరా! దొరబాబు దాన్ని రెండు చేతులా పొట్టకు హత్తుకున్నాడు. మీసం సంగతి తర్వాత, ముందు కెమెరా పోతే బడిలో మొహం చూపించలేడు.

"ఓరి ఆగరా!" అన్నాడు ఎల్లాజీ. "గవర్నమెంటోలు ఇలాగే సెప్పకుండా వచ్చి సూత్తారు. నిజం రాయడానికొచ్చాడేమో, నీకెలాగ తెలుసు? బాబూ, సర్వేలో తప్పు సూడ్డానికొచ్చారు గదా?"

"కాదండీ. నేను సైన్సు మాస్టారినండీ. పిట్ట..."

"సూసినావా? కాదంటన్నాడు," అని ఎల్లాజీ నలుగురివైపూ తిరిగి తల పంకించాడు. "పెద్ద ఆఫీసర్లు ఒప్పుకోరు."

అప్పుడు ఆ తాటాకు పాకలోంచి ఒక నడివయసు మనిషి చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. అర్జునరావు తల్లి కాసులమ్మ. "బాబూ, సర్వేవోలొచ్చిన దినం నాను సేపలట్టుకుని సీతమ్మధార ఎల్లినాను. మా గుంటడు సముద్రం మీదకెల్లాడు. తాళం సూసి, గోడకున్న వలలు సూసి, వలల పాకని రాసీసి ఎల్లిపోనారు. ఇదిగో పొయ్యి, ఇదిగో కూడు కుండ! వలలు కూడు తింటాయేటి బాబూ? నంబరు లేకపోతే నానెక్కడికెల్తాను? మా ఇల్లు ఆ పెట్టిలో పోటో తీసీండి బాబూ!"

ఆవిడ కళ్లనిండా నీళ్లు. పక్కనే అర్జునరావు పిడికిలి. చుట్టూ జనం పెరుగుతున్నారు. కాదంటే కెమెరా గెడ్డలో పడుతుంది, ఔనంటే బతికి బయటపడతాడు. "సరేనండీ, తీస్తాను," అన్నాడు గొణుగుతూ.

ఆ ఒక్క మాటతో ఊరంతా లేచింది. తమ తలుపుల మీద నంబర్లున్నవాళ్లు కూడా "మా ఇల్లూ తీసీండి బాబూ, మంచిదే గదా," అంటూ వరస కట్టారు. ఎల్లాజీ ముందు నడిచాడు. దొరబాబు దగ్గరున్నది ఒక్క ఫొటో. అది పిట్టది. అది మీసానిది. దాన్ని ప్రాణం పోయినా వదలదలచుకోలేదు. అందుకని ఇల్లిల్లూ తిరిగి, కెమెరా కంటికి వేలు అడ్డం పెట్టి, రీలు తిప్పకుండా ఉత్తుత్తి మీట నొక్కుతూ పోయాడు. ఎల్లాజీ ఇంటిముందు నొక్కాడు. ఎల్లాజీ మేకలముందు నొక్కాడు. పోతమ్మ అనే ముసలావిడ తలకు నూనె రాసుకుని, కొప్పులో పువ్వు పెట్టుకుని వచ్చేదాకా నిలబడి, ఆవిడముందూ నొక్కాడు. ప్రతి నొక్కుడుకూ "సల్లగుండు బాబూ" అని దీవించారు. ఆ దీవెనలకు ఆయన లోపల కుంగిపోయాడు. ఎవరైనా వేలు చూస్తారేమోనన్న భయం ఒకపక్క, సూర్యుడు నెత్తిమీదికొచ్చి పిట్ట ఎగిరిపోతుందన్న దిగులు ఇంకోపక్క.

"బాబుగారు ఎక్కడుంటారు?" అని దారిలో ఎల్లాజీ అడిగాడు. కంగారులో దొరబాబు గవర్రాజు క్వార్టరు నంబరు ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

ఆఖరుకు కాసులమ్మ పాక. ఆవిడ గుమ్మంలో నిలబడింది. పక్కన పొయ్యిమీద కుండ పొగలు కక్కుతోంది, దండెం మీద బట్టలు ఆరుతున్నాయి. అర్జునరావు దొరబాబు భుజం పక్కనే నిలబడి కెమెరా కేసే చూస్తున్నాడు. ఇక్కడ వేలు అడ్డం పెట్టాడా, చెయ్యి విరుగుతుంది. దొరబాబు రీలు తిప్పి కెమెరా ఎత్తాడు. అద్దంలో పాక కనిపించింది, కాసులమ్మ కనిపించింది. ఆ క్షణాన, ఎక్కడినుంచి వచ్చిందో, పాకముందు గుంజమీద వచ్చి వాలింది పిట్ట! నోట్లో చేపతో సహా!

"కదలకండి!" అని ఒక్క అరుపు అరిచాడు దొరబాబు. ఊరంతా కొయ్యబారిపోయింది. పిట్టా కదల్లేదు. టక్. పన్నెండో ఫొటో అయిపోయింది. దొరబాబు ఆ ఆనందంలో అర్జునరావును కౌగిలించుకున్నాడు. మా ఇంటికి నంబరొచ్చేసినట్టే అనుకుని అతనూ గట్టిగా కౌగిలించుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నానికి స్టూడియో నుంచి ఫొటోలు వచ్చాయి. పిట్ట చింతపిక్కంతే ఉంది గానీ, మచ్చలు, కుచ్చు, నోట్లో చేప అన్నీ తేటగా పడ్డాయి. దొరబాబు మీసం దువ్వుకున్నాడు. దీనికి మాత్రం రెండు కాపీలు తీయించాడు. "ఏమండీ, నా చీర బాగా పడలేదండీ," అంది తాయారు తన ఫొటో చూసుకుంటూ. "చీర సంగతి తర్వాత చూద్దాంలే," అన్నాడు దొరబాబు.

తలుపు చప్పుడైంది. చేపల గంపతో కాసులమ్మ! "ఆఫీసరు బాబున్నారా?" అని అడిగింది. గవర్రాజు మొహం పాలిపోయింది. బామ్మర్దిని వంటింట్లోకి లాక్కుపోయి, "ఏరా, ఆఫీసరని వేషం కట్టావా? నా క్వార్టరు నంబరిచ్చి మరీ కట్టావా? పోలీసులొస్తే నా ఉద్యోగం ఏం కాను?" అని గుసగుసగా అరిచాడు. మంగాయమ్మ గోడకు జేరబడిపోయింది.

దొరబాబు ఇక తట్టుకోలేకపోయాడు. బయటికొచ్చి చేతులు జోడించాడు. "అమ్మా, నేను ఆఫీసర్ని కాదు. మాస్టార్ని. పిట్ట కోసమే వచ్చాను. మిగతా ఇళ్లేవీ తీయలేదు, వేలు అడ్డం పెట్టాను. మీ ఇల్లొక్కటే పడింది. అదీ పిట్ట వాలబట్టి."

"నాకు తెల్సు బాబూ," అంది కాసులమ్మ. "ఆఫీసరయితే బురదలో బోర్లా పడుకుంటాడేటి?"

"మరి ఎందుకు తీయించుకున్నారు?"

"మీరు ఆఫీసరు కాపోతే ఏటి బాబూ, పెట్టి నిజిమైందే గదా!"

దొరబాబు రెండో కాపీ ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని కళ్లకద్దుకుని, తడి తగలకుండా రవికలో దాచుకుంది. ఎంత వద్దన్నా వినక నాలుగు చందువ చేపలు గుమ్మంలో పెట్టి వెళ్లిపోయింది.

బడి తెరిచిన రోజున స్టాఫ్ రూము కిటకిటలాడింది. దొరబాబు పిట్ట ఫొటోను బల్లమీద పెట్టి, భూతద్దం పక్కన పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సన్యాసిరాజు భూతద్దం తీసుకుని చూశాడు. పిట్ట నిజంగానే నలుపూ తెలుపూగా ఉంది. హెడ్మాస్టరు "భేష్" అన్నాడు. సన్యాసిరాజు నెమ్మదిగా మిగతా ఫొటోలు కూడా తిరగేసి, ఒకటి తీసి అడిగాడు.

"ఇందులో చెల్లెమ్మగారు కట్టుకున్న చీర ఏ రంగండీ మాస్టారూ?"

"నీలం. కిందటి దీపావళికి కొన్న..." అని దొరబాబు ఆగిపోయాడు.

ఆ ఫొటోలో చీర నల్లగా ఉంది. సముద్రం తెల్లగా ఉంది. గవర్రాజు ఎర్ర స్కూటరు కూడా నల్లగానే ఉంది. స్టాఫ్ రూములో మొదట ఎవరూ నవ్వలేదు. తర్వాత అందరూ కలిసి నవ్వారు.

"మచ్చలు చూడండీ, కుచ్చు చూడండీ!" అని దొరబాబు గింజుకున్నాడు. ఎవరు వింటారు? మంగలికి కబురు పెట్టబోతుంటే సమయానికి గవర్రాజు ఉత్తరం వచ్చింది. కాసులమ్మ ఫొటో పట్టుకుని ఆఫీసుకు పోయిందట. పెద్దాఫీసరు ఆ ఫొటో చేత్తో పట్టుకుని స్వయంగా గెడ్డపాలెం వచ్చాడట. పాకా, పొయ్యీ, గుంజా, గుంజమీద పిట్టతో సహా అన్నీ చూసి రాసుకున్నాడట. ఆ తనిఖీ రిపోర్టు నకలు కాసులమ్మ దగ్గర తీసుకుని గవర్రాజు త్వరలో పంపుతాడట.

దొరబాబుకు ప్రాణం లేచొచ్చింది. "అయ్యా, గవర్నమెంటు ఆఫీసరు కళ్లతో చూశాడు! ఆయన రాసింది చదివాక మాట్లాడండి!" అన్నాడు. హెడ్మాస్టరు ఎనిమిది రోజుల గడువిచ్చాడు. ఆ ఎనిమిది రోజులూ దొరబాబు పోస్టుమేన్‌కు ఎదురెళ్లాడు. అన్నం సయించలేదు. పందెం కాసిన మీసాన్ని అద్దంలో చూసుకుని రోజూ నిట్టూర్చాడు.

ఎనిమిదో రోజున కవరు వచ్చింది. హెడ్మాస్టరే విప్పి, అందరిముందూ పైకి చదివాడు.

"సదరు కట్టడము వలల పాక కాదనియు, కాసులమ్మ అను ఆమె నివాస గృహమనియు తనిఖీలో రూఢియైనది. నంబరు వేయించి కార్డు మంజూరు చేయవచ్చును."

దొరబాబు గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఒక్క క్షణం మీసం సంగతి నిజంగానే మరిచిపోయాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా. హెడ్మాస్టరు కాగితం తిప్పి కింది వరస చదివాడు.

"గృహమునకు ఎదుట గుంజ ఒకటి. గుంజపై పిట్ట ఒకటి. జాతి: లకుముకి. రంగు: వాడుక ప్రకారము నీలము."

కింద సంతకం ఉంది, గుండ్రటి ముద్ర ఉంది. సన్యాసిరాజు మర్యాదస్థుడు గనక కిటికీలోంచి బయటికి చూశాడు. దొరబాబు లేచి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తిన్నగా మంగలి షాపుకు నడిచాడు.

సాయంత్రం ఇంటికి వచ్చిన మనిషిని తాయారు గుమ్మంలోనే నిలబెట్టి చాలాసేపు చూసింది. తర్వాత తప్పుకుని దారిచ్చి, "మళ్లీ మొలిచాక ఒక ఫొటో తీయించుకుందాం లెండి, ఈసారి రంగుల రీలు వేయించండి," అంది.