కుడిదీ పోయింది, ఎడమదీ పోయింది

రెండో శనివారం కాబట్టి యజ్ఞనారాయణకు ఆఫీసు లేదు. ఉమాశ్రీకి ఉంది. నీటిపారుదల శాఖలో లెక్కలు చూసే భర్తకు సెలవులు ఎక్కువ, హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే భార్యకు జీతం ఎక్కువ. ఈ ఏర్పాటు మీద ఆ ఇంట్లో ఎవరికీ ఫిర్యాదు లేదు. ఆ పూటకు అనుకున్న పని చాలా చిన్నది. ఆమె మధ్యాహ్నానికి వచ్చేస్తుంది. ఈలోగా అతను ఇల్లు సర్ది, పెసరట్లకు పెసలు నానబోయాలి. సాయంత్రం ఆమె మేనేజరు గోవిందప్ప, తోటి ఉద్యోగులు ఖాజాగూడలో వాళ్లు అద్దెకుంటున్న మేడమీది వాటాకు వస్తారు. ఉమాశ్రీ తయారుచేసిన వీడియో గేము యంత్రాన్ని చూడటానికి.

ఆ యంత్రాన్ని తలుచుకుంటేనే యజ్ఞనారాయణ ఛాతీ ఉబ్బేది. బజార్లో రూపాయి బిళ్ల వేసి నిలబడి ఆడే గేముల పెట్టెలుంటాయే, అచ్చం అలాంటిదే. ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చిన చెక్కపెట్టెల పలకలు తెచ్చి, కోసి, బీరువా అంత గూడు కట్టింది. లోపల ఒక పాత కంప్యూటర్, పైన దాని తెర, ఆడేవాళ్ల చేతికందేలా రెండు జాయ్‌స్టిక్‌లు, యజ్ఞనారాయణ మాటల్లో దాని రెండు చేతులు. వాటిని కోఠిలో మూతపడిన గేముల దుకాణంలో బేరమాడి తెచ్చింది. ఓ పాత కీబోర్డు విప్పి, దాని లోపలి పలకకు జాయ్‌స్టిక్‌ల నుంచి తీగలు అతికించింది. జాయ్‌స్టిక్ ఎటు వంచితే అటువైపు మీట ఎవరో నొక్కారని కంప్యూటర్ నమ్మేస్తుంది. ఇదంతా చున్నీ నడుముకు బిగించి, రంపపు పొట్టులో కూర్చుని చేసింది. యజ్ఞనారాయణ చేసిందల్లా పలక కదలకుండా పట్టుకోవడం. అది కూడా ఒకసారి వదిలేశాడు.

చిక్కల్లా ఆఫీసులో ఎవరూ నమ్మకపోవడమే. "మీవారికి మంచి పనితనం ఉందమ్మా," అన్నారట గోవిందప్ప. కంపెనీలో కొత్తగా పెట్టబోయే యంత్రాల విభాగానికి మనుషుల్ని ఎంచేది ఆయనే. అందులోకి వెళ్లాలని ఉమాశ్రీకి ఎంతో ఆశ. అందుకే ఈ పెసరట్లు.

ఆమె స్కూటర్ మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి, యజ్ఞనారాయణ యంత్రం ముందుకొచ్చి నిలబడ్డాడు. పెసలు ఎక్కడికీ పోవు. ఒక్క ఆట ఆడి నానబోయవచ్చు. స్విచ్చి వేయగానే సంగీతం మోగింది, గేము దానంతటదే మొదలైంది, ఆకాశంలోంచి శత్రు విమానాలు దిగాయి. అతను కుడి జాయ్‌స్టిక్ వంచాడు. అతని విమానం ఉన్నచోటే ఉండి పేలిపోయింది. ఎడమది వంచాడు. రెండో విమానం కూడా అంతే మర్యాదగా పేలిపోయింది.

రాత్రి చివరగా ఆడింది తనే. ఆవేశంలో కాస్త గట్టిగా వంచిన మాటా నిజమే. ఫోను కిందివాటాలో, ఇంటి ఓనరమ్మ కమలమ్మ ముందుగదిలో ఉంటుంది. పరుగున దిగి ఉమాశ్రీ ఆఫీసుకు చేశాడు. ఆమె మీటింగులో ఉందనీ, ఏదైనా ఉంటే చెబుతాననీ రిసెప్షన్‌లో అమ్మాయి అంది.

"నేను ఆవిడ భర్తనండి. కుడిది పోయిందని చెప్పండి. ఎడమది కూడా పోయింది. ఎటు కదిపినా స్పందన లేదు. రాత్రి పడుకునేముందు బాగానే ఉన్నాయి, పొద్దున చూస్తే రెండూ చచ్చుపడ్డాయి."

అవతల ఊపిరి బిగబట్టిన చప్పుడు. తరవాత ఆ అమ్మాయి మెల్లగా, "మాట వస్తోందాండీ?" అని అడిగింది.

మంచి ప్రశ్నే అనుకున్నాడు యజ్ఞనారాయణ. "ఆఁ, సౌండుకేం లోటు లేదండి. చేతులే పనిచేయట్లేదు. పరవాలేదు లెండి, ఆవిడ వచ్చేలోగా నేనే విప్పి చూసుకుంటాను."

రెండు చేతులూ పడిపోయినవాడు ఫోను ఎలా పట్టుకున్నాడన్న అనుమానం ఆ అమ్మాయికి రాలేదు. వంటింట్లోంచి సగం మాటలు విన్న కమలమ్మకూ రాలేదు. ఆమె పొయ్యి కట్టేసి, నువ్వుల నూనె గిన్నెతో ముందుగదిలోకి వచ్చేసరికి యజ్ఞనారాయణ పైకి వెళ్లిపోయి, యంత్రం అడుగు తలుపు తీసి, వెల్లకిలా పడుకుని నడుందాకా లోపలికి దూరాడు. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో తీగల గుత్తి, పళ్ల మధ్య స్క్రూడ్రైవర్.

కమలమ్మ గుమ్మంలోంచి చూసింది. నేలమీద రెండు కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. ఏమైంది సారూ అని అడిగితే లోపల్నుంచి "ఊఁ... ఊఁ" అని మాత్రం వచ్చింది. ఆమె మెట్ల దగ్గరికెళ్లి మొగుణ్ని కేకేసింది. "ఏమయ్యా, జర జల్ది రా. సారుకు పచ్చవాతం గొట్టింది. మాట గూడ పడిపోయింది."

ఎల్లేశం ఆటో నడిపే మనిషి, మంచి కండపుష్టి. ఒక్కంగలో వచ్చి, రెండు కాళ్లూ పట్టుకుని ఒక్క లాగు లాగాడు. యజ్ఞనారాయణ బయటికొచ్చాడు. అతని గుప్పిట్లో ఉన్న తీగలూ వచ్చాయి. ఉమాశ్రీ ఒక్కొక్కటిగా వేసిన అతుకులన్నీ పటపటమని తెగాయి.

నోట్లోంచి స్క్రూడ్రైవర్ తీసి, తనకేం కాలేదని అతను మొత్తుకున్నాడు. కమలమ్మ అప్పటికే ఒక చెయ్యి, ఎల్లేశం ఒక చెయ్యి పంచుకుని నూనె పట్టించడం మొదలుపెట్టారు.

"అందరు గట్లనే అంటరు సారూ," అంది కమలమ్మ జాలిగా. "మా పెద్దమామ గూడ ఏం గాలే, ఏం గాలే అనుకుంటనే పాయె."

దవాఖానకు ఆటో తీయమని ఆమె ఎల్లేశానికి చెబుతుండగా, ఆఫీసు వ్యాను గేటు ముందు ఆగింది. సాయంత్రం రావలసినవాళ్లందరూ పొద్దున్నే దిగారు. అందరికంటే ముందు ఉమాశ్రీ, రక్తం లేని మొహంతో, మెట్లు రెండేసి ఎక్కి వచ్చింది. జిడ్డోడుతున్న అతని చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఏవండీ, వేళ్లు కదపండి."

కదిపాడు. అన్నీ కదిలాయి. ఆమె కళ్లలో నీళ్లు చూసి అతనికి సిగ్గేసింది.

"పోయినవి నావి కాదు ఉమా," అన్నాడు. "దానివి."

అందరూ అటు తిరిగారు. యంత్రం తలుపు బార్లా తెరిచి ఉంది. తీగలన్నీ నేలమీద కుప్పగా పడున్నాయి. పైగా అన్నీ ఒకే చుట్టలోంచి తెంపిన ఎర్ర తీగలే. ఏది ఏ జాయ్‌స్టిక్‌దో దేవుడికెరుక. గోవిందప్ప ఓదార్పుగా, "పరవాలేదమ్మా. మీవారు తేరుకున్నాక మళ్లీ అతికించుకుంటారు," అన్నారు.

ఉమాశ్రీ కళ్లు తుడుచుకుంది. చున్నీ నడుముకు బిగించి, సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గులో పెట్టి, ఆ కుప్ప పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కాగితం అడగలేదు, ఎవర్నీ అడగలేదు. ఒక్కో తీగ కొస పట్టుకుని, అది పుట్టిన చోటిదాకా వేళ్లతో వెళ్లి, వెనక్కి వచ్చి, కీబోర్డు పలక మీద దాని చోటు చూసుకుని సీసం చుక్క వేసి అతికించింది. "కుడిది పైకి" అనేది. యజ్ఞనారాయణ నూనె చేతులు తుడుచుకుని కుడిది పైకి వంచేవాడు. దాని అడుగున ఏ స్విచ్చి టక్కుమందో ఆమె చూసుకునేది. వ్యానులో వచ్చినవాళ్లు మొదట నిలబడ్డారు, తరవాత వంగారు, ఆ తరవాత చుట్టూ నేలమీదే కూర్చుండిపోయారు. గోవిందప్ప టార్చి పట్టుకున్నారు. ఇది ఇక్కడికే ఎందుకు పోవాలి అని ఆయన అడిగితే, తల ఎత్తకుండానే ఆమె చెప్పింది. ఆయన మళ్లీ అడగలేదు.

అన్నీ అయ్యాక, క్లిప్పు ఉన్న ఒక్క తీగ మిగిలింది. అది అన్ని మీటలకూ ఉమ్మడి తీగ. ఉమాశ్రీ దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసింది.

"పొద్దున వెళ్తూ ఇది నేనే తీసిపెట్టానండీ," అంది మెల్లగా. "మీరు ఉప్మా చేతులతో ఆడతారని."

అందరూ నవ్వారు. యజ్ఞనారాయణకు కోపం రాలేదు. ఒక్క తీగ తీసి ఇంత యంత్రాన్నీ, తననీ, కిందివాటానీ, ఒక కంపెనీనీ ఆపగలిగిన మనిషి తన భార్య అయినందుకు అతను లోలోపల పొంగిపోతున్నాడు. ఆమె క్లిప్పు పెట్టింది. గోవిందప్ప లేచి జాయ్‌స్టిక్ అందుకుని, వరసగా విమానాలు పేల్చుకుంటూ, సోమవారం నుంచి కొత్త విభాగంలో కూర్చోగలవా అమ్మా అని తెరమీంచి చూపు తిప్పకుండానే అడిగారు. అనుకున్నట్టు సాయంత్రం వచ్చి, చక్కగా నడుస్తున్న యంత్రాన్ని చూసుంటే, ఆయన పెసరట్టు తిని యజ్ఞనారాయణనే మెచ్చుకుని వెళ్లేవారు.

గుమ్మంలో నిలబడి మొదటినుంచీ అంతా చూసిన కమలమ్మకు మాత్రం ఒకటే అర్థమైంది: ఆ పిల్ల తీగలు పెట్టి మొగుడి పడిపోయిన చేతులు రెండూ లేపింది. ఆ మాట పొద్దుగూకేలోగా వీధంతా తిరిగింది.

మర్నాడు ఉమాశ్రీ పాలకోసం తలుపు తీసేసరికి, మోకాళ్ల నొప్పులవాళ్లు గేటు దగ్గర వరసలో కూర్చుని ఉన్నారు.