కాకికి కాబ్లర్

ఆ పొద్దున నవీన అనుకున్నది చాలా చిన్న పని. తండ్రి లచ్చయ్య పోయి మూడో రోజు. ఎండ ముదరకముందే పిట్టకు పెట్టాలి, పిట్ట ముట్టగానే చుట్టాలకు అన్నాలు పెట్టి పంపాలి, ఆ తర్వాత తలుపేసుకుని ఏడవాలి. ఇన్నాళ్లూ ఆమెకు ఏడవడానికి తీరిక చిక్కలేదు.

పెరట్లో రేకుల బాత్రూం మీద విస్తరాకు పరిచి తండ్రికి ఇష్టమైనవన్నీ పెట్టారు. మటన్ కూర, గారెలు, బీడీ కట్ట. కాగజ్‌నగర్ కాకులన్నీ ఎదురుగా కరెంటు తీగ మీద చేరి చూశాయి. ఒక్కటీ దిగలేదు. కాకి ముట్టనిదే ఎవరూ మెతుకు ముట్టకూడదు. తండ్రి మంచాన పడ్డాక ఒక్కసారి కూడా కరీంనగర్ దాటి రాని తమ్ముడు ఓంప్రకాశ్, క్వార్టర్ సీసా విప్పి గ్లాసులో పోశాడు. కాకులు తలలు తిప్పుకున్నాయి.

"నా తమ్ముని పానం దేనికోసమో కొట్టుకుంటాంది," అన్నది మేనత్త శంకరవ్వ. "తిండికి ఏడ్పిచ్చినవ్ గదనే. ఇగ పిట్ట ఎట్ల ముడ్తది?"

"షుగర్ ఉండె గదత్తా. కాలి వేళ్లు తీసేసిన్రు. తీపి వద్దని డాక్టరే చెప్పిండు."

"మరి కాకిని గూడ డాక్టరే పిలుస్తడా?"

చుట్టాలు తలలూపారు. కాకి రాకపోతే తండ్రిని మాడ్చి చంపిన బిడ్డ అన్న పేరు తనకు జీవితాంతం ఉండిపోతుందని నవీనకు అర్థమైంది.

అప్పుడు గేటు దగ్గర కూర్చున్న ఇబ్రాహీం చాచా గొంతు సవరించుకున్నాడు. కాగితం మిల్లు గెస్ట్‌హౌస్‌లో వంట చేసిన మనిషి, లచ్చయ్యకు దోస్తు. "సార్ల కోసం పండ్ల కాబ్లర్ అని ఇంగ్లీషోళ్ల తీపి జేస్తుంటి బిడ్డా. మిగిలిందంతా మీ బాపుకే. మొన్న గూడ యాది జేసిండు."

తండ్రి నవీననూ అడిగాడు. ఆమె జొన్నరొట్టె పెట్టింది.

"చేసుడు అల్కనే," అన్నాడు చాచా. "కింద మామిడిపండు ముక్కలు, చక్కెర. మీద మైదా, వెన్న, పాలు. కుక్కర్ అడుగున ఉప్పు పోసి, గిన్నె దింపి, మూతకు రబ్బరు తీసి, సీటి తీసి సన్నమంట మీద కాల్చు."

నవీన అలాగే పెట్టింది. ఇంతలో పెరట్లో కుక్క విస్తరాకు కోసం గోడెక్కుతుంటే కర్ర పట్టుకుని పరుగెత్తింది. శంకరవ్వ వంటింట్లోకి తొంగి చూసి ముక్కున వేలేసుకుంది. "అయ్యో, దుఃఖంల పిల్లకు సోయి లేదు. సీటి లేదు, రబ్బరు లేదు, సుక్క నీళ్లు గూడ పొయ్యలే!" మేనకోడలి మీద అప్పటికప్పుడు పుట్టిన జాలితో రెండు గ్లాసుల నీళ్లు పోసి, రబ్బరు బిగించి, సీటి పెట్టి, మంట పెంచింది.

కుక్కర్ కూత పెట్టింది. టెంటు కింద ఆకలితో సొమ్మసిల్లుతున్న చుట్టాలు తలలెత్తారు. దుఃఖంలో ఉన్న ఇంట్లో మళ్లీ కుక్కర్ పెట్టారంటే పిట్ట ముట్టినట్టేనని ఎవరో తేల్చారు. రెండో కూతకు అందరూ బంతిలో కూర్చున్నారు. మూడో కూతకు ఓంప్రకాశ్ నోట్లో మటన్ ముక్క ఉంది.

"ఉమ్మెయ్ రా! పిట్టింక ముట్టలే!" అని అరిచింది శంకరవ్వ.

అతను మింగేశాడు.

ఇంటి కొడుకే ముందు తిన్నాడు కాబట్టి మైల పోవడానికి అందరూ మళ్లీ తలస్నానం చేయాలని శంకరవ్వ తీర్పు చెప్పింది. ఉన్నది ఒక్కటే బాత్రూం. దాని రేకుల మీదే విస్తరాకు ఉంది. ఒకరి తర్వాత ఒకరు లోపలికి పోయి బకెట్లు మోగిస్తుంటే పైన రేకులు దడదడలాడాయి. తీగ మీద కాకులు ఒక్కొక్కటే లేచిపోయాయి. కొండగట్టు అంజన్నకు మొక్కుకోవడం తప్ప నవీనకు ఇంకేమీ మిగల్లేదు.

మూత తీస్తే ఉప్పునీళ్లు గిన్నెలోకి పొంగి, మైదా తెల్లగా తేలుతోంది.

చాచా గరిటెతో తిప్పి చూశాడు. "గిది గంజి బిడ్డా."

అయినా ఆమె స్టూలెక్కి ఒక గరిటెడు ఆకులో వేసింది. దిగీ దిగకముందే ఎక్కడి నుంచో ఒక కాకి వచ్చి వాలింది. మటన్ పక్కకు నెట్టి, మామిడి ముక్కలో ముక్కు ముంచింది. మళ్లీ ముంచింది. ఆపైన తనవాళ్లను పిలిచింది.

"ముట్టింది! పిట్ట ముట్టింది!"

నవీన స్టూలు మీదే కూలబడింది. తన మీద పడబోయిన మాట తప్పిపోయిందనుకుంది.

శంకరవ్వ గుండె బాదుకుంది. "సూసిన్రా? కూర ముట్టలే, మందు ముట్టలే. గీ తీపి మీదనే ఉన్నది నా తమ్ముని పానం! బతికుండంగ ఒక్క చెంచ పెట్టకపాయె గీ పిల్ల!"

చుట్టాలు మళ్లీ తలలూపారు. కాకి రాకుంటే మాడ్చి చంపిన బిడ్డ, వచ్చింది కాబట్టి ఆశ తీర్చకుండా చంపిన బిడ్డ.

తర్వాత అందరూ కుక్కర్ గిన్నె చుట్టూ మూగారు. ఉప్పెక్కువైందన్నారు. అన్నవాళ్లే మరో గరిటె వేసుకున్నారు. శంకరవ్వ వేళ్లు నాకుతూ, "బిడ్డా, పదకొండో దినానికి గిది జర ఎక్కువ జెయ్యి," అన్నది.

పదకొండో దినానికి కాకి వచ్చినా రాకపోయినా, చుట్టాలు మాత్రం తప్పకుండా వస్తారు.