వాడిన కోపాలు అమ్మబడును

గురువారం సంతలో వాడిన కోపాలు అమ్ముకోవడానికి కార్పొరేషన్ వారు పాత మిక్సీలకూ పాత చెప్పులకూ నడుమ ఒక వరుస కేటాయించారు. అటకలు నిండిపోతున్నాయని జనమూ, సొంత కోపం లేక పనులు ఆగిపోతున్నాయని పెద్దమనుషులూ అర్జీలు పెట్టుకోగా ఈ ఏర్పాటు జరిగింది. అందరికీ సౌకర్యంగానే ఉంది.

బాలమణి ఆ వరుసలో తొలిసారి దుకాణం పెట్టింది. అద్దె టార్పాలిన్ పరిచి, ఇంట్లోని కోపాలన్నీ బూజు దులిపి, తడిగుడ్డతో తుడిచి పేర్చింది. బావమరిది పెళ్లి విందులో తనకు మటన్ కూరలోని నల్లిబొక్క వెయ్యలేదని ఆమె మొగుడు చచ్చేదాకా పోషించిన కోపం ముందు పెట్టింది. గట్టి సరుకు, అంచులు కూడా అరగలేదు. దాని పక్కన అత్తగారిది, పట్టుచీర తాలూకు. ఎందుకొచ్చాయో మరిచిపోయిన చిల్లర కోపాలు గంపలో పోసింది. వాటిని కుప్పగా అమ్ముకోవచ్చు గానీ, లేని కారణం అంటగట్టి అమ్మితే చలానా రాస్తారు.

అమ్మకానికి కానిది ఒకటుంది. రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చినవాళ్లు ఆమె ఇంటి గోడ మీద ఎర్రగీత గీసిపోయారు. గీతకు ఇవతల వంటిల్లు మిగులుతుందట, దానికి వాకిలి మాత్రం ఉండదట. మర్నాడు ఆఫీసులో విచారణ. అక్కడ నోరు విప్పడానికి బాలమణికి ఉన్నది ఆ ఒక్క కోపమే. ఇంట్లో వదిలేస్తే చల్లారిపోతుందని వెంట తెచ్చుకుంది. గాలికి టార్పాలిన్ లేస్తుంటే, చేతికి రాయి దొరక్క దాన్నే మూలన బరువుగా పెట్టింది. పొరపాటు అక్కడే జరిగింది.

మొదటి గిరాకీగా వచ్చిన తెల్లచొక్కా మనిషి కార్పొరేటర్ గారి దగ్గర పనిచేస్తాడట. మర్నాడు మీటింగుందని, తమ నాయకుడికి మంచి కోపమొకటి కావాలని చెప్పాడు. ఒక్కోటీ ఎత్తి చూసి పెదవి విరిచాడు. చివరికి మూలనున్న దాని మీద చెయ్యేశాడు.

"ఇది వెచ్చగున్నది. ఇదియ్యి అక్కా."

"అది అమ్మేది కాదన్నా. రేపు దానితోని నాకు పనున్నది."

పాత మిక్సీలమ్మే ఖాజా కల్పించుకున్నాడు. సంతలో టార్పాలిన్ మీదున్నదేదైనా సరుకే. పైగా తొలి బేరం. దాన్ని పోగొట్టుకుంటే సాయంత్రందాకా వరుసంతా ఈగలు తోలుకోవాల్సిందే.

"బోణీ గిరాకిని ఒట్టి చేతులతోని పంపద్దక్కా," అన్నాడు మెల్లగా. "నీ ఒక్కదానికే కాదు, మాకందరికి దెబ్బ."

చెప్పులవాళ్లు కూడా పని ఆపి చూస్తున్నారు. బాలమణి అసలే మొహమాటం మనిషి. మనసొప్పకపోయినా ఎత్తి ఇచ్చేసింది. వచ్చిన డబ్బు కళ్లకద్దుకుంది. అంతలోనే ఆ బాధ కూడా పోయింది. టార్పాలిన్ మళ్లీ లేస్తుంటే మూలన తనే కూర్చుంది. ఆ రోజు బేరాలు బాగానే సాగాయి.

మర్నాడు విచారణలో ఏమైనా అభ్యంతరముందా అని ఆఫీసరు అడిగాడు. బాలమణి వెతుక్కుంది. గోడలు గుర్తున్నాయి, డ్యూటీ దిగొచ్చి మొగుడు సిమెంటు కలపడం గుర్తుంది, తను ఇటుకలందించడమూ గుర్తుంది. అవి పోతే ఏమవుతుందో మాత్రం ఎంత ఆలోచించినా తోచలేదు.

"మీరెట్లంటే అట్లనే సార్," అంది.

ఆ వీధి వాళ్లంతా ఇలాగే సహకరిస్తున్నారని ఆఫీసరు మెచ్చుకున్నాడు. టీ ఇప్పించాడు.

బయట షామియానా కింద కార్పొరేటర్ మాట్లాడుతున్నాడు. రోడ్డు పని కాంట్రాక్టు ఆయన అల్లుడికి రాలేదు. గొంతు వణుకుతోంది, మెడ నరాలు ఉబ్బుతున్నాయి, కడుపులోంచి తన్నుకొచ్చినట్టున్నాయి మాటలు. విన్నవాళ్లు ముక్కులు చీదుకుంటున్నారు. బాలమణి కూడా కాసేపు నిలబడి కొంగుతో కళ్లొత్తుకుంది.

"పాపం, ఎంత అన్యాయం చేసిన్రో ఆయనకు," అని పక్కనున్నామెతో అంటూ, చప్పట్లు కొట్టడానికి చేతిసంచి కింద పెట్టింది.