తనంతట తానే టిప్పిచ్చే కార్డు

చక్రం కనిపెట్టినవాడిని మనం అనవసరంగా పొగుడుతున్నాం. నిప్పు కనిపెట్టినవాడి సంగతి సరేసరి, వాడివల్ల గ్యాస్ సిలిండర్ ఖర్చొకటి నెత్తిన పడింది. మానవజాతికి నిజంగా మేలు చేసినవాడు ఒక్కడే. హోటల్లో మన తరఫున తనంతట తానే టిప్పిచ్చే డిస్కౌంట్ కార్డు కనిపెట్టినవాడు!

నవ్వకండి. టిప్పు దగ్గర మీరు పడ్డ అవస్థ ఒకసారి గుర్తు చేసుకోండి. నల్ల అట్టలో బిల్లు వస్తుంది. పక్కనే సోంపు, పటికబెల్లం. సర్వరు రెండడుగులు వెనక్కి జరిగి, ఎవరూ కూర్చోని పక్క బల్లను మూడోసారి తుడుస్తుంటాడు. ఇరవై పెడితే మరీ పిసినారితనం. వంద పెడితే ఇంటావిడ చూపు. యాభై పెడదామంటే చిల్లర లేదు. ఇంజనీరింగ్ ఎంట్రన్సులో ర్యాంకు కొట్టిన మేధావులు కూడా ఈ లెక్క తేలక సోంపంతా నమిలేశారు! ఒకాయనైతే ఎంతివ్వాలో నిర్ణయించుకోవడానికి టైము కావాలని, తిన్న భోజనం అరక్కముందే ఇంకో భోజనం ఆర్డరు చేశాడట.

కుడిచేత్తో చేసిన దానం ఎడమచేతికి తెలియకూడదన్నారు పెద్దలు. ఈ కార్డు ఉంటే కుడిచేతికి కూడా తెలియదు. ఇంతకన్నా పుణ్యం ఎక్కడుంది?

నమ్మకం కుదరకపోతే దయాకర్ కథ వినండి.

దయాకర్‌ది నేరేడ్‌మెట్. బేగంపేటలో ఒక కంపెనీలో డ్రాయింగులు గీసే సెక్షన్‌లో ఇరవై రెండేళ్లుగా ఉన్నాడు. ఆఫీసులో ఆయన మాట ఎవరూ వినరు. ఇంట్లో ఆయన నొక్కితే రిమోటు కూడా వినదు. కానీ సికింద్రాబాద్‌లో ఒక్కచోట మాత్రం ఆయన మహారాజు. ఆ చోటు పేరు 'పంక్తి ఫ్యామిలీ రెస్టారెంట్'.

ఆదివారం మధ్యాహ్నం పంక్తి ముందర జాతర. వాకిట్లో పుస్తకం పెట్టుకుని ఒకడు పేర్లు రాసుకుంటుంటాడు. ప్లాస్టిక్ కుర్చీల్లో పిల్లలు ఏడుస్తుంటారు, పెద్దలు ఏడవలేక ఫోన్లు చూసుకుంటుంటారు. దయాకర్, ఆయన భార్య కల్పలత ఆటో దిగడమే ఆలస్యం, అద్దాల తలుపు తెరుచుకుని సర్వర్ రాజేందర్ బయటికొచ్చేవాడు. "సార్, గిట్ల రాండ్రి. మీ టేబుల్ తయార్ ఉంది." కుర్చీల్లో ఉన్నవాళ్లంతా తలెత్తి చూస్తుండగా దయాకర్ నింపాదిగా లోపలికి నడిచేవాడు. ఆ పదడుగుల నడక కోసమే ఆయన సోమవారం నుంచి శనివారం దాకా బతికేవాడంటే అతిశయోక్తి కాదు.

ఆయనకు మెనూ ఇచ్చేవారు కాదు. ఏం కావాలో రాజేందర్‌కు తెలుసు. చారు పొగలు కక్కుతూ వచ్చేది. భోజనమయ్యాక చేతులు కడిగే దగ్గర రాజేందర్ టవల్ పట్టుకుని నిలబడేవాడు. దయాకర్ చెయ్యి తుడుచుకుని, అదే చేత్తో షేక్‌హ్యాండ్ ఇచ్చేవాడు. మడతపెట్టిన వంద నోటు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి వెళ్లిపోయేది. "పిల్లలెట్లున్నరు రాజేందర్?" "పెద్దది ఇంటర్‌కొచ్చింది సార్, మీ దయ." పదకొండేళ్లు ఇలాగే జరిగింది.

ఎంత అనాగరికమో చూడండి! నోటు మడత పెట్టాలి, చెయ్యి చాపాలి, పిల్లల సంగతి అడగాలి, పైగా జవాబు వినాలి. ఈ చాకిరీ నుంచి దయాకర్‌ను తప్పించడానికే అన్నట్టు, ఒక ఆదివారం కోటు వేసుకుని, చేతిలో ట్యాబ్‌తో నీహారిక అనే అమ్మాయి పంక్తి వాకిట్లో ప్రత్యక్షమైంది.

"సార్, విందు గోల్డ్ కార్డు! బిల్లులో పాతిక శాతం డిస్కౌంట్. అందులోంచే పది శాతం టిప్ ఆటోమేటిక్‌గా వెళ్లిపోతుంది. కౌంటర్లో కార్డు గీకేసి వెళ్లిపోవడమే. ఇక మీరు జేబులో చెయ్యి పెట్టే పనే లేదు సార్!"

"గిప్పుడు జేబుల చెయ్యి పెట్టనీకి మనకేం తక్లీఫ్ అయితుంది?" అంది కల్పలత.

కల్పలత పాతకాలం మనిషి. ధర రెండువేల తొమ్మిదివందల తొంభై తొమ్మిది. మూడువేలని ఉంటే దయాకర్ కూడా ఆలోచించేవాడే. ఒక్క రూపాయి తగ్గేసరికి ఆలోచించడానికి వ్యవధి లేకపోయింది. కొనేశాడు.

తర్వాతి ఆదివారం ఆయన తిని లేచి, చేతులు కడుక్కుని, రాజేందర్‌ను చూసి చిరునవ్వు నవ్వి, షేక్‌హ్యాండ్ అవసరం లేకుండానే బయటికి నడిచాడు. కార్డు ఇచ్చేసిందిగా! ముందుకు సాగిన రాజేందర్ చెయ్యి కాసేపు గాల్లోనే ఉండి, ఏం చెయ్యాలో తోచక టవల్ సర్దుకుంది. పర్సు బరువు లేని ప్యాంటు ఎంత తేలికగా ఉంటుందో దయాకర్‌కు ఆనాడే తెలిసింది. టిప్పుకు కార్డుంది, బిల్లుకు ఫోనుంది, మరుసటి వారం నుంచి పర్సు ఇంట్లోనే వదిలేశాడు.

అక్కడి నుంచి లాభాలు షురూ అయ్యాయి. మూడోవారం రాజేందర్ తలుపు దగ్గరికి రాలేదు. దయాకర్ పుస్తకంలో పేరు రాయించుకుని అరగంట నిలబడ్డాడు. నిలబడితే మోకాళ్లకు మంచిదని డాక్టర్లు మొత్తుకుంటున్నారు, వినేవాడేడీ? నాలుగోవారం ఎవరో కొత్త సర్వర్ వచ్చి మెనూ ఇచ్చాడు. పదకొండేళ్ల తర్వాత దయాకర్‌కు చదువుకునే అవకాశం దొరికింది. ఐదోవారం చారు చల్లగా వచ్చింది. నాలుక కాలే ప్రమాదం తప్పింది. రెండోసారి అడిగితే పచ్చడి రాలేదు. బీపీకి ఉప్పు పడదని ఆ పచ్చడికి తెలిసినంత మనకు తెలుసా?

"రాజేందర్ మనల్ని చూసి సుత చూడనట్టు పోతుండు. ఏమైంది?" అని కల్పలత అడిగింది.

"బిజీగున్నడేమోలే," అన్నాడు దయాకర్. కానీ లోపల ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. ప్రతివారం పది శాతం ఇస్తున్నాడే! తక్కువైందా? పదకొండేళ్ల మనిషి ఇలా మొహం తిప్పుకుంటాడా? మనుషులింతేనని వారం పొడుగునా తనలో తానే గొణుక్కున్నాడు.

ఇంతలో బావమరిది హేమచంద్ర దిగాడు. ఊరక రారు మహానుభావులు. బన్సీలాల్‌పేట్‌లో స్టీలు సామాన్ల షాపు, కొత్తగా కొన్న ఏడు సీట్ల కారు, ఆ సీట్లకు సరిపడా కుటుంబం. దయాకర్ ఏం కొన్నా దానికన్నా పెద్దది ముందే కొని పెట్టుకోవడం అతనికి అలవాటు. అతను కొనలేనిది ఒక్కటే, ఆ పదడుగుల నడక. "ఆదివారం మీరంత మా పంక్తికి రాండ్రి. నిలబడే పనే ఉండది. ఆడ నేనంటే ఒక లెక్క," అని దయాకర్ ఎప్పుడో పండక్కి మాట జారాడు. మాట జారితే తీసుకోలేం కదా. ఆరో ఆదివారం హేమచంద్ర సకుటుంబంగా వచ్చి పంక్తి ముందు కారు దిగాడు.

తలుపు తెరుచుకోలేదు.

అద్దంలోంచి రాజేందర్ చూశాడు. చూసి, ఒక్క క్షణం ఆగి, తల దించుకుని లోపలికి వెళ్లిపోయాడు. దయాకర్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బావా, నిలబడే పని లేదన్నరు గదా. మన నంబరెంత?" అన్నాడు హేమచంద్ర.

"పద్దెనిమిది."

"మంచిగనే ఉంది లెక్క!"

యాభై నిమిషాల తర్వాత చేతులు కడిగే చోటు పక్కనే బల్ల దొరికింది. అక్కడ ఎవరు పుక్కిలించినా మనకు స్పష్టంగా వినబడుతుంది. ఈసారి రాజేందరే వచ్చాడు, కానీ దయాకర్ వైపు చూడకుండా బల్లతో మాట్లాడాడు.

హేమచంద్ర మెనూ తెరిచి, కుడివైపు అంకెలు పెద్దవిగా ఉన్నచోటు నుంచి మొదలుపెట్టాడు. "అపోలో ఫిష్ రెండు."

"అయిపోయింది సార్."

"నాటుకోడి పులుసు?"

"ఇయ్యాల చెయ్యలేదు సార్." ఆ మాట అంటుండగానే పొగలు కక్కుతూ ఒక నాటుకోడి పులుసు అతని వెనకనుంచి పక్క బల్లకు వెళ్లింది. రాజేందర్ అటు చూడలేదు. "పప్పు, బెండకాయ వేపుడు తీస్కోండ్రి సార్. మంచిగుంటది. కడుపుకు హల్కగ సుత ఉంటది."

"ఏం హోటల్ బావా ఇది?" హేమచంద్ర మెనూ మూసేసి నవ్వాడు. అతని పిల్లలు నవ్వారు. కల్పలత మంచినీళ్లు తాగింది. తొమ్మిదిమందీ పప్పుతో అన్నం తిని లేచారు.

అందరూ బల్ల దగ్గర సోంపు తింటుంటే ఆయన రాజేందర్‌ను చేతులు కడిగే చోటుకు పిలిచాడు.

"ఏందయ్యా గిట్ల చేస్తవు? పదకొండేండ్ల సంది వస్తున్న. మా బామ్మర్ది ముందట నా ఇజ్జత్ తీసినవు గదా! నేను నీకేం తక్కువ చేసిన?"

రాజేందర్ కంగారు పడ్డాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఇజ్జత్ పోవద్దనే సార్! ఆరు వారాల సంది చూస్తున్న. జేబుల చెయ్యి పెడ్తలేరు. ఉత్తగ నవ్వి పోతున్రు. మీ నౌకరి గిట్ల పోయిందనుకున్న. నేనొచ్చి వడ్డిస్తే, ఇయ్యనీకి లేదని మీ మనసు నొచ్చుకుంటదని మీ టేబుల్ వేరేటోనికిచ్చిన. ఎదురుంగ కనబడకుంట పక్కకు పోయిన."

"మరి నాటుకోడి?"

"మస్తుగుంది సార్. గంత మందికి పెడితే బిల్లు ఎంతయితదో చూసిన్రా? బామ్మర్ది ముందట పైసల్ తక్కువైతే ఎట్ల? గందుకే లేదన్న. ఇయ్యాల మీ టేబుల్ కావాల్నని అడిగి తీస్కున్న సార్."

దయాకర్‌కు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఇన్నాళ్లూ ఆయన ఈ మనిషిని మనసులో తిట్టుకుంటున్నాడు. ఇన్నాళ్లూ ఈ మనిషి ఆయన గుట్టు కాపాడుతున్నాడు.

"నౌకరి మంచిగనే ఉంది రాజేందర్! కార్డు తీస్కున్న. టిప్పు గదే ఇస్తది, ఆటోమేటిక్. నీకు వస్తలేదా?"

"కార్డు ఇస్తదా సార్?" ఇరవై ఏళ్లుగా కస్టమర్లు చెప్పే సాకులు వింటున్న మనిషి రాజేందర్. ఎంతో మర్యాదగా తలాడించాడు. "మాకైతే పైసలేం రాలేదు సార్. మొన్న మాత్రం ఒక క్లాసు పెట్టిండ్రు. నవ్వుకుంట వడ్డించుడెట్ల అని. 'స్టాఫ్ సంతోష నిధి' నుంచి అన్నరు."

దయాకర్ టిప్పులు ఎక్కడికి వెళ్లాయో తేలిపోయింది. పుచ్చుకునే చేతికి కూడా తెలియని దానం ప్రపంచంలో ఇదే మొదటిది కావచ్చు!

ఆయన వెంటనే జేబులో చెయ్యి పెట్టాడు. జేబులో ఇంటి తాళంచెవి ఉంది. పర్సు నేరేడ్‌మెట్‌లో ఉంది. ఫోన్లో పంపుతానన్నాడు. డ్యూటీలో ఫోన్లు లాకర్లో పెట్టిస్తారట. కల్పలత దగ్గరికి పరిగెత్తాడు. ఆమె పర్సులో కుంకుమ పొట్లం, ఈ ఊళ్లో ఏ కొట్టువాడూ తీసుకోని పది రూపాయల బిళ్ళలు మూడూ ఉన్నాయి. ఇక మిగిలింది ఒక్కడే.

"హేమచంద్రా, జెర ఒక వంద ఇయ్యవయ్యా," అన్నాడు దయాకర్. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఆ నోట ఆ మాట రావడం అదే ప్రథమం. హేమచంద్ర కళ్లలో వెలిగిన దీపాలు చూసితీరాలి. అతను నోటు తీసి, కుటుంబమంతా చూసేదాకా ఆగి, అప్పుడిచ్చాడు.

ఇదంతా రాజేందర్ అక్కడి నుంచే చూశాడు. అతనికి ఏ మూలో ఉన్న కాస్త అనుమానం కూడా తీరిపోయింది. దయాకర్ చాపిన చేతిని రెండు చేతులతో పట్టుకుని, నోటును తిరిగి ఆయన పిడికిట్లోనే మూశాడు.

"బామ్మర్దిని అడిగి నాకిచ్చుడేంది సార్? పరేషాన్ కాకున్రి. మళ్ల మంచి దినాలొస్తయి. అప్పుడిద్దురు. జెర కూసోండ్రి, కాఫీ తెస్త."

రెండు కాఫీలు వచ్చాయి, ఒకటి సారుకు, ఒకటి మేడమ్‌కు. బిల్లులో వెయ్యలేదు, తన జీతంలో రాయించుకున్నాడట. దయాకర్ వద్దనలేక తాగాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కాఫీ వేడిగా ఉందని కల్పలతతో అన్నాడు. ఆమె నమ్మినట్టే ఊరుకుంది.

ఇప్పుడు చెప్పండి పాఠకులారా, ఈ కార్డు కొనవచ్చా, కూడదా? కళ్లు మూసుకుని కొనండి! సర్వరు చేత కస్టమరుకు టిప్పిప్పించిన కార్డు చరిత్రలో ఇంకోటుందా? పాతిక శాతం డిస్కౌంట్ దీని ముందు ఏపాటి?

షరతు మాత్రం ఒక్కటుంది, నీహారిక చెప్పడం మరిచిపోయినట్టుంది. కార్డు కొనడానికి ముందు ఓ పదకొండేళ్లు మీ టిప్పు మీరే ఇచ్చుకుని, ఒక రాజేందర్‌ను సంపాదించి పెట్టుకోవాలి.