విమానం తప్ప అన్నీ వచ్చాయండి

దేశంలో ఆర్థిక మాంద్యం తీవ్రంగా ఉన్నందున, ప్రయాణికులకు క్షమాపణలు చెప్పే పనిని ఇకమీదట నిడదవోలు నుంచి జరిపించడానికి గరుడగామి ఎయిర్‌వేస్ వారు అమితానందంతో నిర్ణయించారు. నగరంలో ఒక్క 'సారీ'కి అయ్యే ఖర్చుతో గోదావరి జిల్లాల్లో పదకొండు 'సారీ'లు వస్తాయనీ, ప్రతి సారీకీ ఒక 'అండి' ఉచితమనీ సదరు ప్రకటనలో వివరించారు. దీన్ని కంపెనీ భాషలో ఔట్‌సోర్సింగ్ అంటారట. నిడదవోలు జనం నోటికి తేలిగ్గా ఉంటుందని ఔట్‌సారీసింగ్ అనుకున్నారు. పని మాత్రం అదే.

మాంద్యం అంటే ఏంటో డెల్టాలో మొదట ఎవరికీ అంతుపట్టలేదు. ఇక్కడ తరతరాలుగా తెలిసిన మాంద్యం ఒక్కటే, అగ్నిమాంద్యం. దానికి శొంఠి కాఫీ చాలు. ఈ కొత్త మాంద్యాన్ని అందరికంటే ముందు పసిగట్టినవాడు పెనుగొండ అప్పాజీ. అది ముందుగా తిన్నది ఆయన అన్నమే మరి.

అప్పాజీ వృత్తి పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారిని సముదాయించడం. వంటవాళ్ళు, మేళంవాళ్ళు, పందిరివాళ్ళు ఉన్నట్టే ఆయనా ఉంటాడు. విడిదింట్లో కాఫీ మీద నురగ తగ్గిందని పెళ్ళికొడుకు మేనమామ అలిగినా, జీడిపప్పు తమ బంతిదాకా రాకుండానే అయిపోయిందని పెద్దబావగారు చెప్పులేసుకున్నా, కబురు అప్పాజీకే వెళ్ళేది. ఆయన కండువా సవరించుకుని వచ్చి, పది నిమిషాల్లో ఆ చెప్పులు విప్పించి, బావగారి చేత మరో రెండు ఉప్మాలు తినిపించేవాడు. ముప్పయ్యేళ్ళలో ఆయన చేతిలో తప్పిపోయిన పెళ్ళి ఒక్కటీ లేదు. తప్పిపోవలసినవి కూడా తప్పిపోలేదని కొందరు దంపతులు ఇప్పటికీ తిట్టుకుంటారు. అది వేరే సంగతి.

మాంద్యం వచ్చాక పెళ్ళిళ్ళు చిక్కి సగమయ్యాయి. అటు పాతికమంది, ఇటు పాతికమంది. అలగడానికి కోరమే చాలడం లేదు. అలిగినవాణ్ణి నలుగురూ చూడకపోతే ఆ అలకకి అందమేముంది? అప్పాజీ కండువా చిలక్కొయ్యకి ఎక్కింది.

ఇంతటి అప్పాజీ సముదాయించలేని మనిషి భూమ్మీద ఒక్కరే ఉన్నారు. ఆవిడ ఆయన భార్య చిన్నమ్మాయి. రెండేళ్ళ క్రితం ఆవిడ చెల్లెలు వెంకటదుర్గ తన కూతురికి పెళ్ళి చేసింది. పెదనాన్న హోదాలో పందిట్లో తిరగవలసిన అప్పాజీ, సరిగ్గా ఆ ముహూర్తానికి ఎవరి పెళ్ళిలోనో ఎవరి బాబాయినో బతిమాలుతున్నాడు. "మీ ఆయన రాలేదేంటి?" అని పుట్టింటివాళ్ళు ఇరవై మూడుసార్లు అడిగారు. ఇంటికొచ్చిన చిన్నమ్మాయి మాట మానేసింది. కాఫీ మానలేదు, అన్నం మానలేదు, మాట ఒక్కటే మానేసింది. మొగుడితో చెప్పవలసినవన్నీ అప్పట్నుంచీ ఫ్రిజ్‌తో చెబుతోంది. "గ్యాసు నిండుకుంది, బుక్ చేసేవాళ్ళు చేయొచ్చు," అని ఆవిడ ఫ్రిజ్ తలుపుకి చెప్పడం, అప్పాజీ బుక్ చేయడం. ఆ ఇంట్లో చల్లగా ఉన్నవి రెండే, ఫ్రిజ్జూ ఆవిడ చూపూ.

ఇలాంటి సమయంలో గరుడగామి వారి ప్రాంతీయ విస్తరణాధికారి శివరామకృష్ణ గారు అప్పాజీని వెతుక్కుంటూ వచ్చారు. మొగల్తూరులో పుట్టి ఢిల్లీలో స్థిరపడి, తెలుగును సామాన్లతోపాటు విమానంలో వేసి, దిగాక తీసుకోవడం మర్చిపోయిన మనిషి ఆయన.

"చూడండి అప్పాజీ గారూ, మా దగ్గర ఒక ఫ్లైట్ కాన్సిల్ అయితే నూట ఎనభై మంది అలుగుతారు. సిటీలో స్టాఫ్‌ని తీసేశాం. మీ స్కిల్ మాకు ట్రాన్స్‌ఫర్ చెయ్యాలి," అన్నారు.

అప్పాజీకి ఇందులో 'అలుగుతారు' ఒక్కటే అర్థమైంది. అది చాలు.

"అంటే నూట ఎనభై మంది మగపెళ్ళివారు విడిదిలో దిగిపోయారు, ఇక్కడ చూస్తే పెళ్ళికూతురు లేదు. అంతేనాండి?"

"ఎగ్జాక్ట్‌లీ!" అన్నారు శివరామకృష్ణ గారు.

జీతంతోపాటు, ఏడాది సేవ పూర్తయ్యాక దంపతులిద్దరికీ ఒక విమానయానం ఉచితమని కాగితంలో రాశారు. ఆ కాగితం బల్లమీద కనబడగానే చిన్నమ్మాయి ఫ్రిజ్ దగ్గరికెళ్ళింది. "మా వెంకటదుర్గ బెంగుళూరులో ఇల్లు కట్టుకుంటోంది. గృహప్రవేశానికి ఎవరైనా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని విమానంలో తీసుకెళ్తే, అది నేలమీంచి లేచిన క్షణంలో మాట్లాడతాను. ఈసారి కూడా నేను ఒక్కదాన్నే వెళ్ళాల్సొస్తే, ఇంక ఈ జన్మకింతే." ఫ్రిజ్ గుర్రుమని ఒప్పుకుంది. అప్పాజీ అంతకుముందే ఒప్పుకున్నాడు.

బుకింగుల్లేక తాళం పడిన నిడదవోలు కళ్యాణమండపంలో జాతీయ క్షమాపణ కేంద్రం వెలిసింది. పెళ్ళికొడుకు గదిలో కంప్యూటర్లు, పెళ్ళికూతురి గదిలో మేనేజరు. అలకపాన్పు వేసే చోట నలభైమంది పిల్లలు చెవులకి ఫోన్లు తగిలించుకుని కూర్చున్నారు. వాళ్ళలో చురుకైంది తబిత. చర్చి క్వయర్‌లో పాడే గొంతు. ఆ గొంతుతో కరెంటు పోయిందని చెప్పినా శుభవార్తలాగే వినిపిస్తుంది.

"అరిచేవాణ్ణి నిలబెట్టకూడదమ్మా," అని అప్పాజీ మొదటి పాఠం చెప్పాడు. "నిలబడ్డవాడికి న్యాయం గుర్తొస్తుంది, కూర్చున్నవాడికి నడుం నొప్పి గుర్తొస్తుంది. వెంటనే చేతిలో వేడి గ్లాసు పెట్టాలి. గ్లాసు పట్టుకున్నవాడు వేలు చూపించలేడు."

"ఫోన్లో గ్లాసెలా పెడతామండీ బాబాయ్ గారూ?" అంది తబిత.

"భోంచేశారా అని అడుగు. అదే గ్లాసు. తప్పంతా మాదే అను, ఏ తప్పో మాత్రం చెప్పకు. వాళ్ళదేవూరో కనుక్కుని చుట్టరికం కలుపు."

"అప్పటికీ తగ్గకపోతేనండి?"

"ఇంకొక్కటి వేసుకోండి అను."

"ఏదండి?"

"ఏదైనా."

ఫలితాలు అద్భుతం. పెళ్ళయిన ఇరవయ్యేళ్ళలో తనని 'తిన్నావా' అని అడిగింది గరుడగామి వారొక్కరేనని భోపాల్ పెద్దమనిషి ఒకాయన ఫోన్లో ఏడ్చి, రద్దయిన టికెట్టుకి తోడుగా మరో రెండు కొనుక్కున్నాడు. నాగపూర్ నుంచి నోటీసు పంపిన లాయరు గారు తబిత దగ్గర పెసరట్టు పిండి కొలతలు రాసుకుని కేసు వెనక్కి తీసుకున్నారు. ఆరు నెలల్లో ఫిర్యాదులు సున్నాకి దిగాయి. నడిచే విమానాలు కూడా దాదాపు అదే అంకెకి దిగాయి గానీ, ఆ సున్నాకీ ఈ సున్నాకీ చుట్టరికమేంటని ఎవరూ అడగలేదు.

కంపెనీ పెద్దలు మాత్రం ఆలోచించారు. విమానం ఎగిరితే ఇంధనం ఖర్చు, పైలట్ ఖర్చు. ఎగరకపోతే అలిగినవాడికి పెట్టే ఒక పెసరట్టు ఖర్చు. లెక్క తేలిపోయింది. రాజమండ్రి నుంచి ఏకకాలంలో ఇరవై రెండు కొత్త రూట్లు ప్రకటించారు. "మాంద్యంలో పిరికివాళ్ళు విమానాలు కొంటారు! ధీరులు రూట్లు పెంచుతారు!" అని శివరామకృష్ణ గారు ప్రారంభసభలో ఉద్ఘాటించారు. "రాజమండ్రి నుంచి మాల్దీవులకి, రాజమండ్రి నుంచి మారిషస్‌కి! గోదావరి బిడ్డకి ఆకాశమే హద్దు!" హద్దు దాటడానికి ఏమెక్కాలో ఆయన చెప్పలేదు, జనం చప్పట్ల హడావిడిలో అడగలేదు. మ్యాపు మీద గీసిన ఎర్ర గీతలు ఎంత అందంగా ఉన్నాయంటే, విమానమొచ్చి అడ్డం పడితే పాడవుతాయేమో అనిపించింది.

ప్రయాణికుల సౌకర్యార్థం విమానాశ్రయానికి వెళ్ళే రోడ్డు పక్కన ఒక ఫంక్షన్ హాలు తీసుకుని దానికి 'గరుడగామి విడిది' అని పేరు పెట్టారు. ప్రయాణికులు అక్కడే దిగాలి. విమానం వచ్చేదాకా బంతి భోజనాలు కంపెనీవే, వచ్చినప్పుడు బస్సులో తీసుకెళ్తారు. బస్సు మాత్రం వచ్చింది. కొత్తది, ఎర్ర తివాచీ కూడా వేశారు. ఏరోప్లేన్ కాదండి ఇది, ఏ రోజో ప్లేన్ అని జనమే ముద్దుగా నవ్వుకున్నారు. నవ్వుకుంటూనే టికెట్లు కొన్నారు. "ఆదివారం బెంగుళూరుకి తీసుకుందామా, మాల్దీవులకా? మాల్దీవుల బంతికి రొయ్యల వేపుడు వేస్తున్నారట," అని ఇళ్ళల్లో చర్చలు జరిగాయి. సీమంతాలు, పుట్టినరోజులు మారిషస్ టికెట్టు మీద జరిగిపోయాయి. ఎక్కడికీ వెళ్ళకుండా వెళ్ళొచ్చామన్న తృప్తి, సామాన్లు విప్పుకునే బెడద లేదు.

అప్పాజీకి ఇదంతా తెలుసు. ఏడాది నిండి చేతికొచ్చిన తన బెంగుళూరు టికెట్టు మీద మాత్రం అనుమానం లేదు. బయటివాళ్ళ విమానం తప్పిపోవచ్చు గానీ మనది స్టాఫ్ టికెట్టు, ఇంటివాళ్ళ టికెట్టు. ఇంటివాళ్ళకి విస్తరి వేయకుండా ఎవరైనా బంతి లేపుతారా?

గృహప్రవేశం ఎల్లుండి తెల్లవారుజామున అనగా, దంపతులిద్దరూ పొద్దున్నే విడిదికి చేరారు. చిన్నమ్మాయి పట్టుచీర కట్టి, చెల్లెలికి పెట్టే బట్టలు, ఆత్రేయపురం పూతరేకులు సంచిలో సర్దుకుంది. దారిలో కిటికీలోంచి ఆకాశాన్ని చూసి రెండుసార్లు నవ్వుకుంది.

విడిది బాధ్యత ఇప్పుడు తబితదే. "రండి బాబాయ్ గారండీ, దయచేయండి పిన్ని గారండీ," అని ఎదురొచ్చి మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టింది. చేతుల్లో వేడి గ్లాసులు పెట్టింది. పదింటి విమానం పదకొండున్నరకీ రాకపోతే, "విమానం గారు బయల్దేరారండి, దార్లో ఉన్నారు," అంది. పన్నెండింటికి, "తప్పంతా మాదేనండి," అంది. ఏ తప్పో చెప్పలేదు. అప్పాజీ గుండె గర్వంతో పొంగింది. తను నేర్పిన పాఠం అక్షరం పొల్లుపోలేదు! తను పడిన వలని తనే మెచ్చుకుంటూ రెండో గ్లాసు అందుకున్నాడు.

ఒంటిగంటకి చిన్నమ్మాయి లేచి నిలబడింది. "విమానం ఏదమ్మా?" అంది.

సాంబారు గరిటె గాల్లో నిలిచింది. ఆ విడిదిలో గాల్లోకి లేచిన మొదటి వస్తువు అదే.

"ఏంటమ్మా ఆ అడగడం?" అన్నాడు పక్క వరసలో రిటైర్డ్ మాస్టారు. "ఆడపిల్ల అంత మర్యాదగా చూసుకుంటుంటే!"

"మేం నాలుగోసారి రావడం. ఎప్పుడైనా అడిగామా?" అంది ఇంకొకావిడ, పూర్ణం కొరుకుతూ.

"ఇలాంటివాళ్ళ వల్లేనండి మన ప్రాంతానికి ఏవీ రానిది," అన్నారు వెనకెవరో.

తబిత దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "పిన్ని గారండీ, మీతో అబద్ధమెందుకు? ఆ విమానాన్ని నేనూ ఇంతవరకూ చూళ్ళేదండి." పాఠంలో లేని మాట ఆ పిల్ల నోట రావడం అదే మొదలు.

చిన్నమ్మాయి ఆ పిల్ల బుగ్గ నిమిరింది. సంచి భుజానికి తగిలించుకుంది. మొగుడి వైపు తిరిగి, మధ్యలో ఏ ఫ్రిజ్జూ లేకుండా, మూడేళ్ళ తర్వాత నేరుగా అడిగింది.

"వస్తారా? సాయంత్రం రైలుంది. జనరల్ పెట్టెలో నిలబడైనా వెళ్దాం. రేపటికి చేరిపోతాం."

నేలమీంచి లేచాక రావలసిన మాట నేలమీదే వచ్చేసింది. అప్పాజీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గబుక్కున సగం లేచాడు. సరిగ్గా అప్పుడే ఆయన ప్లేటులో పెసరట్టు పడింది. నేతిలో కాలి, అంచులు కరకరలాడుతూ, పొట్టనిండా ఉప్మాతో, పక్కన అల్లం పచ్చడితో.

"వచ్చేస్తున్నానే... ఈ ఒక్కటీ..." అన్నాడు.

ఆయన కూర్చున్నాడు. కూర్చున్నవాడికి నడుం నొప్పి గుర్తొచ్చింది. రైళ్ళంటారా, రోజూ ఉంటాయి. "ఇంకొక్కటి వేసుకోండి బాబాయ్ గారండీ," అని వడ్డించే కుర్రాళ్ళు ఆయన శిష్యరికం చాటుకున్నారు. ఆయన తలెత్తి చూసేసరికి చిన్నమ్మాయి ఎక్కిన ఆటో మలుపు తిరిగిపోయింది.

భోజనాలయ్యాక అభిప్రాయ పత్రాలు పంచారు. అప్పాజీ అయిదుకి అయిదు నక్షత్రాలూ నింపాడు. విమానం ద్వారా అందని నక్షత్రాలు విడిదిలో అరచేతికే అందుతున్నాయి కదా.

చిన్నమ్మాయి ఇంకా బెంగుళూరులోనే ఉంది. ప్రస్తుతం పెనుగొండ ఇంట్లో ఫ్రిజ్‌తో మాట్లాడేది అప్పాజీ గారు. అది వింటుంది గానీ, గ్యాసు బుక్ చేయదు. గరుడగామి వారు మరో పది రూట్లు ప్రకటించారు.

ఇది చదివి మీకు అప్పాజీ మీద కోపం రావచ్చు. తప్పంతా మాదేనండి. ముందు మీరు కూర్చోండి. భోంచేశారా? మీ ఊరి వంతెనకి శంకుస్థాపన జరిగిన నాడు పంచిన పులిహోరలో జీడిపప్పు పడిందో లేదో మీకిప్పటికీ గుర్తే. ఆ వంతెన ఎందాకా వచ్చిందని మేం అడగం. అడగడం మర్యాద కాదు కదండీ.