బీరువాలో బాలింత

ప్రతి అద్దె ఇంట్లోనూ ఏడాదికి ఒక్కసారైనా ఒక పిల్లి పిల్లలు పెట్టి తీరాలని చట్టం చేయాలి. నవ్వకండి, నేను సీరియస్‌గానే అంటున్నాను.

పిల్లి ఇంట్లో దూరిందంటే చాలు, చీపురు పట్టుకుని వెంటపడే అజ్ఞానులు మనలో ఇంకా ఉన్నారు. వాళ్లను చూస్తే నాకు జాలి. యూనివర్సిటీ దానంతటది నడుచుకుంటూ ఇంటికొస్తే చీపురుతో తరుముతారా ఎవరైనా?

మా ఇంటికి అది కిందటి నెలలో వచ్చింది. బూడిద రంగు ఒళ్లు, చిరిగిన చెవి, నిండు పొట్ట. తిన్నగా పడకగదిలోకి నడిచి, బీరువా అడుగు అర చూసి, నచ్చిందన్నట్టు లోపలికి దూరింది. నచ్చక ఏం చేస్తుంది? పాత మెత్తటి చీరలు చింపి, ఉతికి, ఎండబెట్టి మా ఆవిడ దాచుకున్న పొత్తిగుడ్డలు అక్కడే ఉన్నాయి. అప్పటికి ఆవిడకు ఏడో నెల. ఆ సంగతి బయటికి పొక్కకూడదు. ముఖ్యంగా కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు గారికి అసలే తెలియకూడదు.

ఓనరు గారు రిటైరైన బయాలజీ మాస్టారు. మనిషి మంచివారే, కానీ నిశ్శబ్దమంటే ప్రాణం. ‘పిల్లలు లేని దంపతులకు మాత్రమే’ అని గేటుకు బోర్డు కట్టించారు. మేం దిగాక కూడా దాన్ని తీయలేదు, మాకు గుర్తుండాలని. అందుకే మా ఆవిడ కొన్నాళ్లుగా ఉతికిన బట్టల బుట్టను పొట్టకు అడ్డం పెట్టుకునే మెట్లు దిగుతోంది. ఈ కాలంలో ఇన్ని బట్టలుతికే ఇల్లాలిని చూడలేదని మాస్టారు నా దగ్గర తెగ మెచ్చుకున్నారు కూడా. పురుడు పోసుకునేదాకా ఆ బుట్టతో ఎలాగోలా నెట్టుకొస్తే, ఆ తర్వాత పసిగుడ్డు మొహం చూసి ఆయనే కరిగిపోతారని మా ఆశ. ఇల్లు నిలబడేది ఆ బుట్ట మీదే.

సరే, పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. ఆ కీచు గొంతులు విని మాస్టారు పైకొచ్చారు. మా ప్రాణాలు పైకే పోయాయి. ఆయన మాత్రం మావైపు చూడనేలేదు, బీరువా ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

ఉద్యోగం చేసినన్నాళ్లూ పునరుత్పత్తి పాఠం వచ్చినప్పుడల్లా ‘ఇంటి దగ్గర చదువుకోండి’ అని దాటేశానని ఆయనే చెప్పుకున్నారు. అలా దాటేసిన పాఠాలన్నీ ఇప్పుడు మా పడకగదిలో వరదలా వచ్చాయి. పిల్లికి రెండు నెలల్లో గర్భం పండుతుందట. పిల్లలు మూసిన కళ్లతో, ముడుచుకున్న చెవులతో పుడతాయట. తల్లి వాటి పొట్ట నాకితే తప్ప ఒంటేలు కూడా రాదట. ప్రతి పిల్లా పాలకు ఒక చోటు ఎంచుకుని, మిగతావాటితో తన్నుకునైనా అక్కడికే చేరుతుందట. ఒకే కాన్పులో పుట్టిన పిల్లలకు తండ్రులు వేరువేరు కావచ్చని మాత్రం గొంతు తగ్గించి చెప్పారు, పిల్లి వింటే బాగుండదన్నట్టు.

ఆ తండ్రుల్లో ఒకడు కాబోలు, ఎదురుగోడ మీద రోజంతా ఒళ్లు నాక్కుంటూ కూర్చునేవాడు. వాడికి స్కానింగు సెంటరు ముందు క్యూ లేదు. లీవు కోసం మేనేజరు కాళ్లావేళ్లా పడే పని లేదు. ఎంత సుఖమైన జన్మ! నేను అలా చూస్తూ నిట్టూర్చడం మా ఆవిడ కంటపడింది. వెంటనే వెళ్లి అంట్లు తోమేశాను.

ఇక బాలింతకు జరిగిన మర్యాదలు చూడండి. మోటారు చప్పుడుకు బెదురుతుందని మాస్టారు మోటారు ఆపించేశారు, మేం బకెట్లతో నీళ్లు మోసుకున్నాం. కుక్కరు విజిల్ వేయకూడదు. తలుపు చప్పుడు కాకూడదు. మేం పక్కబట్టలు తీసుకుని హాల్లోకి మారిపోయాం. పూటపూటా ఆయన స్వయంగా పాలగిన్నె పట్టుకొచ్చేవారు. మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు వినగానే మా ఆవిడ బుట్ట అందుకునేది.

“పచ్చి బాలింతను కదిలిస్తే పాపం తగులుతుందయ్యా. పిల్లలు కళ్లు తెరిచేదాకా ఇక్కడే ఉండనీ” అన్నారు నాతో.

చూశారా ఎంత గుండె కరిగిందో! గేటుకున్న బోర్డు సంగతి పిల్లికి ఎవరూ చెప్పలేదు. మా ఆశ రెక్కలు విప్పుకుంది. నాలుగు పిల్లలకు చోటిచ్చిన మహానుభావుడు ఒక్కదానికి ఇవ్వకపోతాడా?

పిల్లలు కళ్లు తెరిచిన రోజు మాస్టారి సంబరం చెప్పతరం కాదు. బాలింతకు శుభ్రమైన పక్క వేయాలని తనే అడుగు గుడ్డ లాగారు. మడతలోంచి వేలెడంత ఊలు సాక్సుల జత ఒకటి కిందపడింది. ఆయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుగులో తిప్పి తిప్పి చూశారు.

“పిల్లికి నాలుగు కాళ్లు కదయ్యా, ఇవి రెండే ఉన్నాయేం?” అన్నారు.

అని వెనక్కి తిరిగారు. గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది. చేతిలో బుట్ట లేదు.

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. తనకు బీపీ ఉందనీ, పసిపిల్లల ఏడుపు పడదనీ, నెలాఖరుకు ఖాళీ చేస్తే అందరికీ మంచిదనీ ఎంతో నెమ్మదిగా చెప్పారు. వెనకాల బీరువాలో నాలుగు గొంతులూ ఒక్కసారే ఏడుస్తున్నాయి. అది ప్రకృతి కాబట్టి దానికి బీపీ పెరగదు కాబోలు.

“మాస్టారూ, నా బిడ్డ కూడా కళ్లు తెరిచేదాకా ఉండనివ్వరా?” అంది మా ఆవిడ.

“మనిషి బిడ్డ కళ్లు తెరుచుకునే పుడుతుందమ్మా” అన్నారాయన, అదే పాఠం చెప్పే గొంతుతో.

పాఠం కరెక్టే, తప్పు పట్టడానికి లేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. మా ఆవిడ ఏడవలేదు, వంగలేక వంగి, ఆయన అడుగు అరలోనే పెట్టేసిన ఆ సాక్సులు తీసుకుంది.

ఇప్పుడు ఆఫీసు అయ్యాక ఇద్దరం వీధివీధీ తిరుగుతున్నాం. ఎనిమిదో నెలను ఏ బుట్టా దాచలేదు. ‘ఇద్దరేనా?’ అని అడుగుతారు, పొట్ట చూస్తారు, ఇప్పుడే ఎవరో అడ్వాన్సు ఇచ్చి వెళ్లారంటారు. ఒకాయన మరీ నయం, కుక్క ఉంటే అభ్యంతరం లేదన్నాడు.

మా పిల్లి నిన్న తన పిల్లల్ని ఒక్కొక్కదాన్నీ మెడ పట్టుకుని ఎత్తుకెళ్లి, మాస్టారి సోఫాలో కాపురం పెట్టింది. రేపు పక్కింటి అటక ఎక్కుతుంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని పెద్దలు ఊరికే అన్నారా? ఆ ఏడిళ్లలో ఒక్కరూ దాన్ని ‘మీరెందరు?’ అని అడగరు.

కాబట్టి పాఠకులారా, మీ వీధిలో ఎక్కడైనా వాటా ఖాళీగా ఉంటే కాస్త చెప్పండి. మాకు ఏడిళ్లు అక్కర్లేదు, ఒక్కటి చాలు.