మొదటి పీట మీది డిస్కు

ఆ పొద్దున పెద్దల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు వెళ్ళి ఫోటో స్టూడియో షట్టరు ఎత్తాలి. కంప్యూటరు ఆన్ చేసి తోడల్లుడి డిస్కును కాస్త కుంటిదాన్ని చెయ్యాలి. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు బయటికి పోయి టీ తాగాలి.

మామగారికి కంటి ఆపరేషన్ దగ్గరపడింది. ఆ తర్వాత కౌంటరు వెనక గిర్రున తిరిగే కుర్చీలో కూర్చునేది ఎవరో తేలాలి. "రేపు స్కూలు పెద్దమేడమ్ తన ఫోటో ఎంచుకోడానికి వస్తుంది. మీరిద్దరూ తీశారు కదా, ఆవిడ ఎవరిది మెచ్చుకుంటే వాళ్ళదే కుర్చీ" అని ముందురోజు రాత్రి భోజనాల దగ్గర ఆయన తీర్పు చెప్పేశారు.

ఆ ఇంటికి ముందు అల్లుడైనవాడు పెద్దల్లుడే. కానీ చిన్నల్లుడు అడుగుపెట్టిన దగ్గర్నుంచీ అతని కడుపులో పొయ్యి ఆరలేదు. చిన్నవాడు తుమ్మితే అత్తగారు వేణ్ణీళ్ళతో పరిగెత్తుకొచ్చేది. పెద్దవాడు జ్వరంతో మూలిగితే, టీవీ అనుకుని సౌండు తగ్గించమనేది.

అన్నిటికంటే పెద్ద మంట ఆ పాత కంప్యూటరులో ఉంది. ఒకే పట్టీలాంటి వైరుకు, అల్లుళ్ళు తమ ఫోటోలు దాచుకునే డిస్కులు తలా ఒకటి చొప్పున రెండు వేలాడతాయి. ఏది మొదటిదో, ఏది రెండోదో చెప్పడానికి వాటి వెనక సూదుల్లాంటి పిన్నులుంటాయి. వాటికి తొడిగే పప్పుబద్దంత నల్ల టోపీ పేరు జంపరు. అది ఒక చోట తొడిగితే డిస్కు మాస్టరు, పక్కకు జరిపితే స్లేవు. కంప్యూటరు బిగించిన రోజున పెద్దల్లుడు ఎక్కడో ఫోటోలు తీస్తున్నాడు. తిరిగొచ్చేసరికి చిన్నవాడి డిస్కు మొదటి పీట మీద కూర్చుని ఉంది, తనది రెండో పీట మీద. ఒకరి డిస్కును ఒకరు నమ్మక ఇద్దరూ సాఫ్ట్‌వేరంతా ఎవరిది వాళ్ళు ఎక్కించుకున్నారు గానీ, పీట పీటే కదా!

అందుకే ఆ పొద్దున అతను నీలం రంగు సెట్టింగుల తెర తెరిచాడు. అందులో ఒక్కో పీటకు ఒక్కో నడక ఉంటుంది. డీఎంఏ అని పెడితే డిస్కు సరుకును నేరుగా మెమరీలో దించేస్తుంది. పీఐఓ అని పెడితే మాత్రం ప్రాసెసరే ప్రతి గింజనూ చేత్తో మొయ్యాలి, ఆఫీసరు తన ఫైళ్ళు తానే నెత్తిన పెట్టుకుని మేడ మెట్లెక్కినట్టు. మొదటి పీటకు పీఐఓలోకెల్లా నీరసమైనది పెట్టి, కంప్యూటరు ఆపేసి, ఈలవేసుకుంటూ టీకి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి చిన్నల్లుడు స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని కంప్యూటరు పెట్టెకు మూత బిగిస్తున్నాడు.

"ఏం చేస్తున్నావు తమ్ముడూ?"

"ఏం లేదన్నయ్యా, దుమ్ము దులుపుతున్నా" అని చిన్నవాడు ముసిముసిగా నవ్వాడు. ఆ నవ్వు పెద్దల్లుడి గుండెలో ముల్లులా దిగింది.

పెద్దమేడమ్ వచ్చింది. మామగారు కుర్చీ వేశారు. అత్తగారు మంచినీళ్ళు తెచ్చి, ఆ నెపంతో అక్కడే నిలబడిపోయింది.

ముందు చిన్నల్లుడి ఫోటోలు. టకటకటకా తెర మీదికి వచ్చాయి, పోయాయి. పెద్దమేడమ్ ఇటు కళ్ళజోడు సర్దుకునేలోపు అటు అన్నీ అయిపోయాయి. పెద్దల్లుడి నోరు తెరుచుకుంది. కుంటాల్సింది గుర్రంలా పరిగెత్తిందేమిటి?

తర్వాత పెద్దల్లుడు తీసిన ఫోటో. ముందు వెనకాల గోడ వచ్చింది. తర్వాత ఇంకొంచెం గోడ. చాలాసేపటికి పాపిడి కనిపించింది. నుదురు దిగేసరికి మామగారు ఓ కునుకు తీసి లేచారు. ముక్కు దాకా వచ్చేసరికి ఎదురుకొట్టు దర్జీ ఒక జాకెట్టు కుట్టి, కొలత తప్పిందని విప్పి, మళ్ళీ కుట్టాడు.

"నా నుదురు అచ్చం మా అమ్మదే..." అని పెద్దమేడమ్ ముందుకు వంగి గొణుక్కుంది. ఆ మాట పెద్దల్లుడి చెవిన పడలేదు. అతని చెవుల్లోంచి అప్పటికే పొగలొస్తున్నాయి.

"మామయ్యగారూ! ఇది వీడి పనే! పొద్దున పెట్టె విప్పుతుంటే నా కళ్ళతో చూశాను. నా డిస్కును నత్తను చేసి కూర్చోబెట్టాడు!"

"విప్పిన మాట నిజమేనన్నయ్యా" అన్నాడు చిన్నల్లుడు తెల్లబోయి. "నువ్వు ఎన్నాళ్ళుగానో ముఖం మాడ్చుకుని తిరుగుతున్నావని జంపర్లు మార్చాను. నీ డిస్కు మాస్టరు, నాది స్లేవు. పెద్దవాడివి, మొదటి పీట నీదే కదా! చెప్పకుండా సంతోషపెడదామనుకున్నా."

పెద్దల్లుడి కాళ్ళ కింద గచ్చు కదిలింది. నడక డిస్కుకు కాదు, పీటకు. తాను తవ్విన గోతిలో తన డిస్కునే, అదీ మర్యాదగా, దింపాడు మహానుభావుడు!

కానీ అరిచిన గొంతును వెనక్కి తీసుకోవడమెలా? "అబద్ధం! జంపర్లొక్కటే కాదు, నడక కూడా మార్చావు! ఇప్పుడే అన్నీ యథాస్థానంలో పెడతాను" అంటూ కంప్యూటరు ఆపి మూత పీకాడు. చిన్నవాడి డిస్కు వెనక గోరుపెట్టి లాగాడు. ఒక జంపరు చెంగున ఎగిరి ఎటో పోయింది.

"కదలకండి, ఎవరూ కదలకండి!" అన్నాడు చిన్నల్లుడు. అల్లుళ్ళిద్దరూ బల్ల కింద దూరారు. అత్తగారు చీపురందుకుంది. పెద్దమేడమ్ సైతం మోకాళ్ళ మీద వంగింది. అంతలో మామగారు "చచ్చాన్రా!" అని ఒంటికాలి మీద గెంతారు. జంపరు ఆయన అరికాల్లో దొరికింది.

పెద్దల్లుడు దాన్ని లాక్కుని, కంగారులో చిన్నవాడి డిస్కుకు మాస్టరు దగ్గర తొడిగేశాడు. తనది స్లేవుకు జరపడం మరిచాడు. రెండూ మాస్టర్లయి కూర్చున్నాయి. కంప్యూటరు ఆన్ చేస్తే, నీకు డిస్కులే లేవు పొమ్మంది.

"కొంప ముంచావు కదయ్యా! మేడమ్‌గారూ, మీ ఫోటోలు..." అన్నారు మామగారు.

"నాకింక చూడక్కర్లేదండీ" అంది పెద్దమేడమ్, చీర దులుపుకుంటూ. "మొదట చూపించినవి ఒక్కటీ గుర్తులేవు, కంటికి ఆనేలోపే పోయాయి. రెండోది మాత్రం కొంచెం కొంచెంగా వచ్చింది చూశారూ, మా అమ్మే నిదానంగా తలుపు తీసుకుని వస్తున్నట్టుంది. అదే పెద్దది చేయించండి. స్కూల్లో పిల్లలందరి ఫోటోలూ మీకే. వాళ్ళకీ ఇలాగే నెమ్మదిగా చూపించాలి సుమా!"

పెద్దల్లుడి ఛాతీ ఒక్కసారిగా పొంగింది. గిర్రున తిరిగే కుర్చీ వైపు ఒక అడుగు కూడా వేశాడు.

"ఆగవయ్యా" అన్నారు మామగారు. "ఫోటోదేముంది, మీట నొక్కి ఎవడైనా తీస్తాడు. ఆవిడ మెచ్చింది ఆ నెమ్మదిని. అది చిన్నల్లుడి పనేనని ఇంతమందిలో నువ్వే కదా చెప్పావు?"

"అయ్యో, నేను కాదు మామయ్యగారూ!" అన్నాడు చిన్నల్లుడు, నిజాయితీగా.

"చూశారా, తోడల్లుడి ఫోటో నెగ్గాలని ఇంత చేసి, చెప్పుకోడు పిచ్చి సన్నాసి!" అని అత్తగారు కళ్ళొత్తుకుని, అతన్ని రెక్క పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. "మీరూ ఉన్నారు, పెద్దల్లుడు గారూ. అభం శుభం తెలియనివాడి మీద అంత అరుపా?"

ఆ నడక పెట్టింది నేనే అన్న మాట పెద్దల్లుడి నాలుక చివరిదాకా వచ్చింది గానీ, దాన్ని అతను పీఐఓ పద్ధతిలో ఒక్కో అక్షరమే వెనక్కి మింగాడు.